అరకు తోటలకు వందేళ్ల చూపు

అక్టోబరు 1 అంతర్జాతీయ కాఫీ దినోత్సవం. ఇంకో నెల గడిస్తే అనంతగిరి మొదలుకొని చింతపల్లి దాకా ఏజెన్సీ కొండల మీద కాఫీ పండ్ల కోత మొదలవుతుంది. ఈ మధ్య రోజుల్లో ఏటా మనం మాట్లాడుకునేది ధర గురించే. కిలోకు ఎంత ఇస్తారు, ఎవరు కొంటారు, ఎప్పుడు డబ్బు చేతికొస్తుంది అన్నవి రైతుకు ప్రాణావసరమైన ప్రశ్నలు, వాటిని తక్కువ చేయలేం. అయితే ఈసారి ధరను కాసేపు పక్కన పెట్టి, ఇప్పుడు నాటిన మొక్కను మనవలు కోసే కాలం వరకూ చూపు సాచి ఆలోచిద్దామని ఈ సంపాదకీయం. అందుకోసం ముందుగా కాఫీతో సంబంధమే లేని చోటికి, ఫ్రాన్స్‌లోని బర్గండీ ద్రాక్షతోటల్లోకి వెళ్లాలి.

డిజోన్ పట్టణం దగ్గర మొదలై, బోన్ మీదుగా దక్షిణానికి దాదాపు అరవై కిలోమీటర్లు సాగే సన్నని కొండవాలు అది. చాలాభాగం తూర్పుముఖంగా ఉంటుంది, పొద్దుటి ఎండ నేరుగా తగులుతుంది. ఎర్ర వైన్‌కు పీనో నువార్, తెల్ల వైన్‌కు షార్డొనే. అక్కడివాళ్లు ప్రధానంగా పెంచేది ఈ రెండు ద్రాక్షలనే. ఆ వాలును 1,247 చెక్కలుగా విడదీసి ఒక్కో చెక్కకు ఒక్కో పేరు పెట్టుకున్నారు. బాటకు ఇవతలి చెక్కలో పండిన ద్రాక్ష ఒక పేరుతో, అవతలి చెక్కలో పండినది మరో పేరుతో సీసాలోకి ఎక్కుతాయి. మొక్క ఒకటే, వాన ఒకటే, ఎండ ఒకటే. నేల లోతు, వాలు, అడుగున ఉన్న సున్నపురాయి మారతాయి కాబట్టి రుచి మారుతుంది, ధర మారుతుంది. 2015లో యునెస్కో ఈ చెక్కలన్నిటినీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రైతుల పొలం గట్లకు అలాంటి గౌరవం దక్కడం అరుదు.

ఈ ఎరుక ఒక తరంలో వచ్చింది కాదు. 1098లో సీతోలో మఠం పెట్టుకున్న సిస్టర్షియన్ సన్యాసులు ఆ వాలు మీద తోటలు వేశారు. ఏ మూల మంచు ముందు కరుగుతుందో, ఏ చెక్కలో పండు ముందు తిరుగుతుందో తరాల తరబడి గమనించారు. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ఒక శాసనం చేశాడు. గామే అనే ద్రాక్ష కాపు విరగకాస్తుంది, రైతుకు తేలిక. కానీ దానివల్ల ప్రాంతం పేరు చెడుతోందని, ఆ మొక్కలు పీకేసి పీనో నువార్ నిలబెట్టమన్నాడు. ఆ ఏడు రైతులు ఎంత తిట్టుకుని ఉంటారో ఊహించవచ్చు. కాపు ఎక్కువిచ్చే మొక్కను పీకడం ఎవరికైనా కడుపుకోతే. ఆరు వందల ఏళ్ల తర్వాత ఆ కొండవాలు బతుకుతున్నది మాత్రం ఆ పీనో నువార్ మీదే.

మనకు ఇంకా పనికొచ్చే కథ క్లో ద వూజో తోటది. ఆ సన్యాసులే చుట్టూ రాతిగోడ కట్టి కాపాడిన యాభై హెక్టార్ల తోట. ఫ్రెంచి విప్లవంలో అది మఠం చేజారి ప్రభుత్వపరమై, అమ్ముడై, చేతులు మారింది. 1804లో వచ్చిన నెపోలియన్ పౌరస్మృతి పిల్లలందరికీ ఆస్తిలో సమాన వాటా అంది. బర్గండీ తోటలు తరానికోసారి పంచుకోవడంలో చీలుతూ వచ్చాయి. ఆ ఒక్క గోడ లోపల ఇప్పుడు ఎనభై మందికి పైగా యజమానులున్నారు. కొందరికి ఉన్నది కొన్ని వరుసల తీగలు మాత్రమే. మన వ్యవసాయ చర్చల్లో కమతం చిన్నదైతే రైతు పని అయిపోయినట్టేనని తేల్చేస్తాం. అక్కడ కమతం ముక్కలైనా తోట పేరు ముక్కలు కాలేదు. ఎకరం లోపు ఉన్నవాడు కూడా తన సీసా మీద తన ఇంటిపేరు, దాని పైన ఆ తోట పేరు వేసుకుని ప్రపంచమంతా అమ్ముకుంటున్నాడు.

స్పెయిన్‌లోని రియోహా కథ దీనికి జోడు. అక్కడి ద్రాక్ష టెంప్రనీయో. 1860ల నుంచి ఫిలాక్సెరా అనే వేరు పురుగు అమెరికా నుంచి వచ్చిన మొక్కలతో దిగి ఫ్రాన్స్ తోటలను తినేస్తుంటే, వైన్ దొరకని బోర్డో వర్తకులు పిరెనీ కొండలు దాటి రియోహాకు వచ్చారు. పీపాల్లో వైన్ నిల్వచేసే తమ పద్ధతులు నేర్పారు. కొన్నేళ్లకు ఆ పురుగు రియోహానూ వదల్లేదు. కానీ నేర్చుకున్న పని పోలేదు. స్పెయిన్‌లో ప్రాంతం పేరుకు చట్టబద్ధమైన రక్షణ మొదట దక్కింది 1925లో రియోహాకే.

ఈ ద్రాక్షలు మన దేశానికీ వచ్చాయి. నాసిక్ చుట్టుపక్కల టెంప్రనీయో, షార్డొనే, పీనో నువార్ పెంచుతున్నారు. చలికి తీగ నిద్రపోయే దేశాల మొక్కలవి. మన వేడికి తీగకు నిద్ర ఉండదు, అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, చలికాలపు కాపునే వైన్‌కు తీసుకుంటారు. తెలుగువారి చేయీ ఇందులో ఉంది. హైదరాబాద్‌కు చెందిన గ్రాన్యూల్స్ మందుల కంపెనీ అధినేత చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు కర్ణాటకలో హంపీ కొండల దగ్గర క్రస్మా పేరుతో సొంత కుటుంబ వైన్ తోట వేశారు. క్యాబర్నే సావిన్యో, సావిన్యో బ్లాంక్, ఇటలీ నుంచి వచ్చిన సాంజోవేజే అక్కడ పెరుగుతున్నాయి. మందుల తయారీలో గెలిచిన కుటుంబం, ఫలితం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన తోటలోకి దిగడం చిన్న నిర్ణయం కాదు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. దూబగుంట ఆడవాళ్లు లేవనెత్తిన ఉద్యమంతో 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చుకున్న నేల ఇది. వైన్ తాగమని చెప్పడం ఈ సంపాదకీయం ఉద్దేశం కాదు. ఆ తోటల నుంచి మనం తీసుకోవలసింది నేలను, పేరును, కుటుంబాన్ని తరాలపాటు కలిపి ఉంచే నేర్పు.

ఆ నేర్పు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి హైదరాబాద్ చాలు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాద్‌లో అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను ప్రవేశపెట్టారు. పెద్ద గుత్తులు, తేనెరంగు తిరిగిన పొడవాటి పండు. నగరం చుట్టూ పందిళ్లు లేచాయి. దిగుబడిలో పేరు మోగిపోయింది, రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనా కేంద్రం వెలిసింది, దక్షిణాది అంతా ఇక్కడి నుంచి కొమ్మలు తీసుకెళ్లింది. తర్వాత బోర్లు ఎండాయి, తెగుళ్లు ముసిరాయి, కూలి పెరిగింది. అన్నిటికన్నా వేగంగా పెరిగింది మాత్రం భూమి ధర. పందిరి కింద ఎకరం ఇచ్చే రాబడి, ప్లాటుగా మారిన ఎకరం ఇచ్చే డబ్బు ముందు నిలవలేదు. ఒకప్పుడు పళ్లెంలో హైదరాబాద్ ద్రాక్ష అంటే గుర్తింపు. ఇవాళ ఆ పేరు మీద సీసా లేదు, పొట్లం లేదు, గట్టు లేదు. నూరేళ్లు పట్టి వచ్చిన పేరు ఒక్క తరంలో కాలనీ రోడ్ల కింద కలిసిపోయింది. రైతులను తప్పుపట్టి లాభం లేదు. ఆ పేరును, దాన్ని మోసిన నేలను కాపాడే ఏర్పాటు ఎవరూ చేయలేదు.

ఇప్పుడు మన కొండలకు వద్దాం. విశాఖ మన్యంలో వైన్ ద్రాక్ష నిలవదు. ఇక్కడి వాన, గాలిలో తేమ తీగకు పగవాళ్లు. అదే వాన, అదే తేమ, తొమ్మిది వందల నుంచి పదకొండు వందల మీటర్ల ఎత్తు, సిల్వర్ ఓక్ నీడ అరబికా కాఫీకి సరిగ్గా సరిపోయాయి. గోదావరి మన్యంలో పాములేరు లోయలో 1898లో ఒక ఇంగ్లీషువాడు కాఫీ నాటాడని చెబుతారు. అక్కడి నుంచి అనంతగిరికి, పాడేరుకు, చింతపల్లికి పాకింది. స్వాతంత్ర్యం తర్వాత అటవీశాఖ వేసింది. విశాఖలోనే ప్రధాన కార్యాలయం ఉన్న గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ, పోడుకు ప్రత్యామ్నాయంగా దాన్ని ఆదివాసీ కుటుంబాల చేతికిచ్చింది. చింతపల్లి దగ్గర ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధనా కేంద్రం వచ్చింది. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. ఇది రెండు లక్షలకు పైగా కుటుంబాల పంట. సగటున ఇంటికి ఎకరం అనుకోవచ్చు. బగత, కొండదొర, వాల్మీకి, కోదు, పోర్జ, కోటియ ఇళ్ల పెరళ్ల నుంచి మొదలై కొండ నెత్తి దాకా పాకిన తోటలివి.

ఎస్టేట్ అనగానే మనకు కూర్గ్, చిక్కమగళూరు గుర్తొస్తాయి. వందల ఎకరాలు, మధ్యలో బంగళా, కింద మేనేజరు, లైన్లలో కూలీలు. అరకు అలాంటిది కాదు. తోట ఎవరిదో కోత కోసేదీ వాళ్లే. భర్త కొమ్మ వంచితే భార్య పండు గిల్లుతుంది, బడి లేని రోజున పిల్లలు రాలిన కాయలు ఏరుతారు. బర్గండీని కమతాలు పంచుకున్న తర్వాతి బర్గండీగా చూస్తే, ఆ దేశపు ఎస్టేట్‌కు మన దేశంలో దగ్గరి చుట్టం చిక్కమగళూరు కన్నా అరకే. ఈ పోలికను మనం ఇన్నాళ్లూ సరిగా పట్టించుకోలేదు. ఎకరం కమతాన్ని బలహీనతగానే లెక్కగట్టాం.

ఆ ఎకరంలో జరిగే పని ఎంత సున్నితమో దగ్గర నుంచి చూడాలి. అరబికా కొమ్మ మీద ఒకే గుత్తిలో పచ్చికాయ, పసుపు తిరిగిన దోరకాయ, ముదురెరుపు పండు పక్కపక్కనే ఉంటాయి. కొమ్మ పట్టుకుని దూస్తే పని గంటలో అయిపోతుంది, కాఫీ రుచి మాత్రం పచ్చికాయతో చేదెక్కుతుంది. పండును ఒక్కొక్కటిగా గిల్లాలి. అదే చెట్టు దగ్గరకు నవంబరు నుంచి జనవరి దాకా మూడు నాలుగు సార్లు మళ్లీ రావాలి. కోసిన పండ్లను నీళ్ల తొట్టిలో పోస్తే తాలు పైకి తేలుతుంది, గట్టిది అడుగుకు దిగుతుంది. కోసిన రోజే తోలు తీసి, జిగురు పోయేలా రాత్రంతా ఊరబెట్టి, కడిగి, నేలకు తగలకుండా జల్లెడ మంచాల మీద ఆరబెడితే మంచి పార్చ్‌మెంట్, అంటే పొట్టు తీయని గింజ, వస్తుంది. తారురోడ్డు మీద ఆరబోస్తే తారు వాసన, పొయ్యి పక్కన ఆరబోస్తే పొగ వాసన అందులో ఇంకుతాయి. పారిస్‌లో కాఫీ రుచి చూసేవాడు ఆ పొగను పట్టేస్తాడు. ఆరబెట్టడానికి జల్లెడ మంచం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ధర మారిపోతుంది. ఈ పరికరం ఖరీదు పెద్దది కాదు. చాలా ఇళ్లకు అది ఇంకా అందకపోవడమే బాధ.

అరకు పారిస్ దాకా వెళ్లిన దారి కూడా ద్రాక్ష తోట దారే. హైదరాబాద్‌లో డాక్టర్ అంజిరెడ్డి చొరవతో ఏర్పడిన నాంది ఫౌండేషన్ 2000ల ఆరంభంలో ఈ కొండల్లో కాఫీ పని మొదలుపెట్టింది. ప్రపంచ మార్కెట్లో పౌండు కాఫీ యాభై సెంట్ల కిందికి పడిపోయి, కోత కూలి కూడా గిట్టని కాలమది. సన్నకారు రైతులు సహకార సంఘంగా కూడారు. న్యూజిలాండ్ నుంచి వచ్చిన డేవిడ్ హాగ్ వారితో కలిసి ఎరువు గుంటలు, నేల పని నేర్పారు. జెమ్స్ ఆఫ్ అరకు పేరుతో పెట్టిన పోటీల్లో విదేశీ నిపుణులు రైతుల కాఫీని విడివిడిగా రుచి చూసి మార్కులు వేశారు. ఒక ఊరి కాఫీలో ఉన్న పులుపు పక్క ఊరి కాఫీలో లేదని, ఒక వాలు కాఫీకి పండ్ల వాసన ఉందని అప్పుడే కొండ కింద ఉన్న మనకూ తెలిసింది. 2017లో పారిస్‌లోని మారే పేటలో అరకు దుకాణం తెరుచుకుంది. 2019 మార్చిలో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. బర్గండీ సన్యాసులు వందల ఏళ్లు తీసుకున్న పనిలో మొదటి మెట్లు మన రైతులు ఇరవై ఏళ్లలో ఎక్కారు. ఇందులో గర్వపడటానికి చాలా ఉంది.

అయితే పేరు రావడం వేరు, నిలబడటం వేరు. ఫ్రాన్స్ చరిత్రలో ఆ మధ్య ముప్ఫై ఏళ్లు చూడండి. ఫిలాక్సెరా తర్వాత కల్తీ వైన్ మార్కెట్‌ను ముంచెత్తింది. 1905లో మోసాలకు వ్యతిరేకంగా చట్టం వచ్చింది. 1907లో దక్షిణ ఫ్రాన్స్ రైతులు లక్షల్లో వీధికెక్కారు, నార్బాన్‌లో కాల్పులు జరిగాయి. 1911లో షాంపేన్ రైతులు, బయటి ద్రాక్షతో తమ పేరు వాడుకుంటున్న వర్తకుల గోదాములు తగలబెట్టారు. 1935లో గానీ ప్రాంతం పేరును కాపాడే పూర్తి వ్యవస్థ నిలదొక్కుకోలేదు. అక్కడ లేబుల్ మీద ఉన్న నమ్మకం రైతుల కోపం నుంచి పుట్టింది.

మన దగ్గర అరకు పేరుతో రోడ్డు పక్కన, రైలు స్టేషన్లలో, ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్న ప్రతి పొట్లంలో ఎంత కాఫీ, ఎంత చికోరీ, ఎంత అరకుదో కొనేవాడికి తెలిసే ఏర్పాటు ఉండాలి. భౌగోళిక గుర్తింపు పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాల్సిన పట్టా. దాన్ని వాడుకునే హక్కున్నవాళ్లుగా రైతులు, సంఘాలు విడివిడిగా నమోదు కావాలి. ఆ పట్టికలో ఏ ఊరి పేర్లు ఉన్నాయి, ఎన్ని ఇళ్లు ఉన్నాయి అన్నదే ఆ గుర్తింపుకు అసలు బలం. కాఫీ బోర్డు, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, జీసీసీ కలిసి ఈ నమోదును ప్రతి పంచాయతీలో పూర్తిచేయాలి. షాంపేన్‌లో మంటలు లేచేదాకా ఆగిన తప్పు మనం చేయకూడదు.

నేల విషయానికి వస్తే విశాఖకు ఒక ప్రత్యేక బాధ్యత ఉంది. 1933లో ఈ ఓడరేవు తెరుచుకుంది. 1960ల్లో బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం వేశారు. అరకు, బొర్రా మీదుగా, యాభై ఎనిమిది సొరంగాలు తొలిచి. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ జనం రోడ్డెక్కారు, ప్రాణాలిచ్చారు, ఉక్కు కర్మాగారం వచ్చింది. దాని కొలుములకూ ఆ మార్గంలోనే ఖనిజం దిగింది. ఈ నగరం ఎదిగింది కొండ లోపలి రాయి మీద. ఆ చరిత్రను కించపరచడం మా ఉద్దేశం కాదు, ఉక్కు ఈ ఊరి వెన్నెముక. అయితే కొండ నుంచి ఏం తీసుకోవచ్చు అన్న ప్రశ్నకు మనం చాలాకాలం రాయి ఒక్కటే జవాబుగా చూశాం.

బాక్సైట్ ఆశ ఆ జవాబు నుంచే పుట్టింది. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ ఊళ్ల భూముల మీద మొదలైన పోరాటం 1997 జులై 11న సమతా తీర్పుగా సుప్రీంకోర్టులో ముగిసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ఆదివాసీయేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని కోర్టు తేల్చింది. ఆ తర్వాతా చింతపల్లి అడవుల్లో తవ్వకానికి 2015లో జీవో వచ్చింది, నిరసనలతో ఆగింది, 2019లో లీజులు రద్దయ్యాయి. గనికి ఆయుష్షు ముప్ఫై, నలభై ఏళ్లు. ఖనిజం అయిపోతే మిగిలేది గొయ్యి. అదే కొండ మీద కాఫీ మొక్క నలభై, యాభై ఏళ్లు కాస్తుంది, దాని పక్కన కొత్త మొక్క నాటితే తోటకు అంతం లేదు. క్లో ద వూజో గోడ కింద ఏ ఖనిజం ఉందో ఎవరూ అడగరు. ఆ నేల పైపొర విలువ అంతగా పెరిగింది.

ఆ పైపొర ఆదివాసీ కుటుంబం పేరిట ఉండాలి. 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధన, మనం 1/70 అని పిలుచుకునేది, ఇంతకాలం హైదరాబాద్ ద్రాక్షకు పట్టిన గతి అరకుకు పట్టకుండా అడ్డుకుంది. పర్యాటకం పెరిగే కొద్దీ ఆ గోడ మీద ఒత్తిడి పెరుగుతోంది. రిసార్టు కోసం, వ్యూపాయింట్ కోసం బినామీ పేర్లతో భూములు చేతులు మారుతున్నాయన్న ఫిర్యాదులను అధికారులు తేలిగ్గా తీసుకోకూడదు. ఇంకో పని మిగిలి ఉంది. అడవి అంచున, అడవి లోపల ఉన్న చాలా తోటలకు 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా రావాలి. ఆ చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరిట ఇవ్వాలి. కోత కోసేది, పండు ఏరేది, ఆరబెట్టేది సగానికి పైగా ఆడవాళ్లే అయిన పంటలో ఇది చిన్న సంగతి కాదు. పట్టా లేని రైతు యాభై ఏళ్ల మొక్క నాటడు. నాటినా, నీడచెట్టును పెంచడు.

నీడచెట్టు అంటే 2014 అక్టోబరు 12 గుర్తొస్తుంది. హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపిన రోజు నగరంలో విరిగిన చెట్లు, ఎగిరిన రేకులు, చీకటి అందరికీ గుర్తున్నాయి. అదే రోజు కొండల మీద సిల్వర్ ఓక్ చెట్లు వేళ్లతో సహా కూలి కాఫీ మొక్కల మీద పడ్డాయి. వాటిని అల్లుకున్న మిరియాల పాదులూ పోయాయి. నీడ కోల్పోయిన మొక్క ఎండకు మాడింది. నగరం కొన్ని నెలల్లో లేచింది. తోట లేవడానికి ఏళ్లు పట్టింది, ఎందుకంటే సిల్వర్ ఓక్ నీడ ఇచ్చేంత ఎత్తు పెరగడానికి పట్టే కాలాన్ని డబ్బు ఖర్చుపెట్టినా తగ్గించలేం. ఒకే జాతి నీడచెట్ల మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో ఆ రోజు చెప్పింది. పనస, మామిడి, నేరేడు, కొండ చెట్లు కలిపి నీడ పెంచే తోటలు గాలికి కొంత తట్టుకుంటాయి, ఇంటికి తిండీ ఇస్తాయి.

ఇప్పుడు ముంచుకొచ్చింది కాయతొలుచు పురుగు. దేశంలో ఇది మొదట కనిపించింది 1990లో నీలగిరుల్లోని గూడలూరు దగ్గర. ముప్ఫై అయిదేళ్లు అరకు దీని బారిన పడలేదు. 2025లో అరకులోయ మండలంలో కనిపించింది. నువ్వుగింజ కన్నా చిన్న నల్లపురుగు, కాయ బొడ్డు దగ్గర సూదిమొన అంత రంధ్రం చేసి లోపలికి దూరి గింజలోనే గుడ్లు పెడుతుంది. బయటికి కాయ బాగానే కనిపిస్తుంది. సోకిన తోటల్లో కాయలన్నీ దూసి, మరిగే నీళ్లలో ముంచి, గోతుల్లో పూడ్చే పని చేపట్టారు. రైతుకు పరిహారం ప్రకటించారు. ఇది సరైన దారి. ఏడాది పంటను తన చేత్తో పూడ్చిపెట్టే రైతుకు ఆ డబ్బు ఆలస్యం లేకుండా చేరాలి. ఆలస్యమైతే పక్క కొండ రైతు తన తోటలో రంధ్రం చూసీ చెప్పకుండా ఊరుకుంటాడు.

ఫ్రాన్స్‌లో జరిగింది అదే. 1878లో ఫిలాక్సెరా బర్గండీలో కనిపించినప్పుడు మందు వేయడానికి వచ్చిన బృందాలను కొన్ని ఊళ్లవాళ్లు తరిమేశారు. తోట పోతుందన్న భయం అంతటిది. చివరికి అమెరికా వేరు మీద తమ తీగను అంటుకట్టి తోటలు తిరిగి నిలబెట్టారు, దానికి ఒక తరం పట్టింది. అదే రోజుల్లో సిలోన్‌లో 1869లో దిగిన ఆకు తుప్పు తెగులు కాఫీని తుడిచేసింది, తోటల యజమానులు కాఫీ పీకి తేయాకు నాటారు. ఒకచోట రైతులు పంటను మార్చలేదు, వేరు మార్చారు. రెండోచోట పంటే మారింది. అరకు రైతుకు పంట మార్చే వెసులుబాటు లేదు, తిరిగి పోడుకు వెళ్తే కొండే మిగలదు. అందువల్ల పురుగు మీద పోరాటం ఒక సీజన్ పని అనుకోకూడదు. కోత అయ్యాక చెట్టు మీద, నేల మీద ఒక్క కాయ మిగలకుండా ఏరడం, పురుగును చంపే బవేరియా బూజును సమయానికి చల్లడం, ఎర బుట్టలు కట్టడం ఊరు ఊరంతా ఏకకాలంలో చేయాలి. ఒక తోట శుభ్రంగా ఉండి పక్క తోట వదిలేస్తే ఫలితం సున్నా. ఊరికి ఇద్దరు యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి, ఏడాది పొడవునా ఈ పనిలో ఉంచడం ఐటీడీఏకు మోయలేని భారం కాదు.

వందేళ్ల చూపులో విశాఖ నగరం చేయగలిగినది ఒకటుంది. బోన్ పట్టణంలో 1443లో పేదల కోసం కట్టిన ఆసుపత్రికి దాతలు ద్రాక్షతోటలు రాసిచ్చారు. 1859 నుంచి ఏటా నవంబరులో ఆ తోటల వైన్‌ను బహిరంగ వేలం వేస్తారు. ఆ వేలానికి ప్రపంచం నలుమూలల నుంచి వర్తకులు వస్తారు, ఆ ఏటి బర్గండీ ధరలకు అక్కడే తొలి సూచన దొరుకుతుంది, డబ్బు ఆసుపత్రికి వెళ్తుంది. అరకు కాఫీ ఏళ్ల తరబడి బెంగళూరు వేలంలో అమ్ముడైంది. కొండకు కొన్ని గంటల దూరంలోనే ఓడరేవు, విమానాశ్రయం, జీసీసీ కార్యాలయం అన్నీ ఉన్నా, మన కాఫీ ధరను మరో రాష్ట్రపు బల్ల మీద నిర్ణయించారు.

విశాఖలోనే ఏటా ఫిబ్రవరిలో, కోత ముగిసి పార్చ్‌మెంట్ ఆరిన తర్వాత, అరకు కాఫీ వేలం జరగాలి. అందులో బస్తా మీద పంచాయతీ పేరు, ఊరి పేరు, కుటుంబం ఒప్పుకుంటే ఆ ఇంటి పేరు ఉండాలి. ఊరి వారీగా రుచి చూసి మార్కులు వేయాలి, ఆ మార్కులు రైతుకు తెలుగులో, అతని భాషలో తెలియాలి. పెట్టుబడి పెట్టగలిగినవాడికే మంచి లాటు అన్న పరిస్థితి రాకుండా, జల్లెడ మంచాలు, పల్పింగ్ యంత్రాలు ఊళ్లలో ఉమ్మడిగా ముందే ఏర్పాటు చేయాలి. వేలంలో ధర ఎంత పలికిందో రైతుకు అదే రోజు తెలియాలి. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో పౌండు అరబికా నాలుగు డాలర్లు దాటినప్పుడు ఆ వార్త కొండకు ఎన్ని రోజులకు చేరిందో, ఎంత మంది రైతులు అప్పటికే షావుకారుకు అమ్మేసి ఉన్నారో సంస్థలు తమను తాము ప్రశ్నించుకోవాలి.

బోన్ ఆసుపత్రి లాగే ఈ వేలంలో కొంత వాటా కొండ ఆసుపత్రులకు వెళ్లాలి. నొప్పులు పడుతున్న తల్లిని డోలీ కట్టి కిలోమీటర్లు మోసుకొచ్చే ఊళ్లు పాడేరు, జి.మాడుగుల, ముంచింగిపుట్టు మండలాల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ దారుల మీద మొదటి అంబులెన్స్ ఖర్చును ఆ ఊళ్ల కాఫీయే భరించేలా, వేలం నియమాల్లోనే ఆ వాటాను రాసిపెట్టాలి. వచ్చే ఫిబ్రవరికి సాధ్యం కాకపోతే ఆపై ఫిబ్రవరికైనా తేదీ ప్రకటించాల్సింది కాఫీ బోర్డు, జీసీసీ.